ఐపీ పెట్టినాక వినకూడని సలహాలు

సిరిసిల్లలో ఎవరైనా ఐపీ, అంటే దివాళా పిటిషన్, పెడుతున్నారని తెలిస్తే చాలు, అప్పులవాళ్లకు నోటీసులు అందకముందే సలహాలు ఇచ్చేవాళ్లు ఇంటికొస్తారు. జగిత్యాల టవర్ సర్కిల్ దగ్గరైనా, కోరుట్లలో హోటల్ బల్ల మీదైనా ఇదే వరస. వచ్చేది పరాయివాళ్లు కాదు. బామ్మర్ది, పక్క షెడ్డు ఆసామి, దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన మేనబావ. వాళ్ల మనసు మంచిదే, వాళ్లు చెప్పే మాటే మనిషిని రెండోసారి ముంచుతుంది. బాగా తిరిగే ఆ సలహాలను ఇక్కడ రాస్తున్నాను. ఏది ఎందుకు తప్పో, దాని బదులు ఏం చెయ్యాలో కూడా చెబుతాను.

"ముందుగాల ఇల్లు బామ్మర్ది పేరు మీద ఎక్కియ్యి, ఆ తర్వాత ఐపీ పెట్టు."

అందరికంటే ముందు వచ్చే సలహా ఇది, అందరికంటే ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. మన దగ్గర మామూలు మనిషి దివాళాకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. 2016లో కొత్త దివాళా కోడ్ వచ్చినా, వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబర్ నుంచి కంపెనీ అప్పులకు హామీ ఉన్నవాళ్ల వరకే అమల్లోకి తెచ్చారు. నాలుగు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఆసామికి, పసుపు వేసి మునిగిన కోరుట్ల రైతుకు పాత చట్టమే. సరైన ప్రతిఫలం లేకుండా ఆస్తి రాసిచ్చి, ఆ తర్వాత రెండేళ్లలోపు పిటిషన్ పడి దివాళా అని తేలితే, ఆ రాతను కోర్టు రద్దు చేయగలదని ఆ చట్టం 53వ సెక్షన్ చెబుతుంది. ఇల్లు నిలవదు, పైగా రేపు అప్పుల నుంచి విముక్తి అడిగేటప్పుడు అదే ఎదురొస్తుంది. బామ్మర్ది కూడా కోర్టు మెట్లెక్కాలి. ఉన్న ఆస్తిని ఉన్నట్టు చూపించండి. వంటపాత్రలు, పడక సామాను, చేతివృత్తివాడి పనిముట్లు జప్తుకు అందకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కాపాడుతుంది. దాచాల్సిన అవసరం లేనిదాన్ని దాచి దొంగ అనిపించుకోవడం ఎందుకు?

"ఐపీ పెట్టినవ్, అప్పులన్నీ పోయినయ్. ఇగ కొత్తగ కార్డు తీస్కో."

పిటిషన్ వేయడం వేరు, అప్పు నుంచి విడుదల కావడం వేరు. కోర్టు ముందు దివాళాదారుగా ప్రకటిస్తుంది, విముక్తి కోసం ఎప్పటిలోగా దరఖాస్తు చేసుకోవాలో ఆ ఉత్తర్వులోనే గడువు పెడుతుంది. గడువు దాటినా దరఖాస్తు చేసుకోకపోతే ఆ ప్రకటనే రద్దవుతుంది, అప్పులవాళ్లు మళ్లీ మొదటికొస్తారు. విముక్తి దొరికినా మీకు జామీను నిలబడ్డవాడికి అది వర్తించదు. తనఖా పెట్టుకున్న బ్యాంకు చేతిలోని హక్కు కూడా పోదు. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల జామీను సంతకం పెట్టిన అన్నదమ్ములు విడిపోయిన ఇళ్లు మన దగ్గర తక్కువేం కావు.

అన్నిటికంటే ముఖ్యంగా ఆ ఇన్సాల్వెన్సీ చట్టం 72వ సెక్షన్ తెలుసుకోవాలి. విముక్తి రాని దివాళాదారు ఆ సంగతి చెప్పకుండా యాభై రూపాయలు, అంతకు మించి అప్పు తీసుకున్నా నేరమే, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. వందేళ్ల కింద రాసిన యాభై రూపాయలే ఇప్పటికీ లెక్క. క్రెడిట్ కార్డు కూడా అప్పే. కాబట్టి కార్డు మాట ఎత్తేముందు వకీలు దగ్గరికి వెళ్లి విముక్తి దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో అడగండి. చాలామంది ఐపీ నంబరు పడగానే వకీలును మర్చిపోతారు, పని అక్కడే ఆగిపోతుంది.

"బ్యాంకోనికి సగం కట్టి సెటిల్‌మెంట్ చేస్కో, సిబిల్ సాఫైతది."

సాఫు కాదు. సిరిసిల్ల బీవై నగర్‌లో ఒక ఆసామి సిబిల్ రిపోర్టు చూశాను. 2017లో ప్రభుత్వ బతుకమ్మ చీరల పని మొదలయ్యాక సాంచాలు పెంచడానికి అప్పు చేసి, 2024లో ఆ చీరల పంపిణీ ఆగిపోయినప్పుడు కుప్పకూలిన మనిషి ఆయన. రిపోర్టులో ఒక్కో అప్పు కింద 36 నెలల గళ్లు ఉన్నాయి. మొదట్లో అన్నీ సున్నాలు, అంటే వాయిదాలు సరిగ్గా కట్టినట్టు. తర్వాత 30, 60, 90, అంటే అన్నేసి రోజుల ఆలస్యం. చివర ఒక అప్పు పక్కన 'సెటిల్డ్', ఇంకోదాని పక్కన 'రిటన్ ఆఫ్'. సేటుకు ఉన్న నూలు బాకీ, చిట్టీ బాకీ, గిరిగిరి వాళ్ల రోజువారీ బాకీ ఆ రిపోర్టులో ఎక్కడా లేవు. పరువు పోతుందని ఉన్న డబ్బంతా ముందు వాళ్లకే కట్టాడు, బ్యాంకు బాకీలు అట్లాగే ఉండిపోయాయి. ఇరుగుపొరుగు బాకీ ఎగ్గొట్టమని నేను చెప్పను. పంచేటప్పుడు బ్యాంకును చివరికి తోసేస్తే రేపు అప్పు పుట్టేచోట తలుపు మూసుకుపోతుందని మాత్రం చెబుతున్నాను.

'సెటిల్డ్' అంటే పూర్తిగా కట్టలేదు, బ్యాంకు కొంత వదులుకుంది అని అర్థం. ఆ మాట ఏళ్లపాటు రిపోర్టులో ఉంటుంది. పైగా రాజీ చేసుకున్న బ్యాంకు వ్యవసాయేతర అప్పుల్లో కనీసం 12 నెలలు ఆ మనిషికి కొత్త అప్పు ఇవ్వకూడదని 2023 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. వేరే దారి లేనప్పుడు సెటిల్‌మెంట్ తప్పు కాదు. బ్యాంకు నుంచి సెటిల్‌మెంట్ ఉత్తరం చేతికొచ్చాకే డబ్బు కట్టండి. తర్వాత చేతిలో డబ్బు ఆడితే, వదిలేసిన మిగతా సొమ్ము కట్టి 'క్లోజ్డ్' అని మార్పించమని అడగండి, రాతపూర్వకంగా అడగండి.

"నీ పేరు ఖరాబైతే ఏంది, వదిన పేరు మంచిగనే ఉన్నది గదా."

ఈ మాట విన్నప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ వదిన ఎవరు? కోరుట్లలోనో, మెట్‌పల్లిలోనో, సిరిసిల్లలోనో చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ పొద్దంతా బీడీలు చుట్టే మనిషి. ఆమె పేరు మీద మహిళా సంఘం అప్పు ఒకటి, స్త్రీనిధి అప్పు ఒకటి, వారం వారం కట్టే మైక్రోఫైనాన్స్ అప్పు ఒకటి ఉంటాయి. ఒక్క వాయిదా తప్పకుండా కట్టుకొస్తుంది. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క మంచి పేరు ఆమెది. భర్త సాంచాల బాకీ తీర్చడానికి ఆ పేరు మీద కొత్త అప్పు తెస్తే, తీరేది ఒక బాకీ, చెడేది రెండో పేరు.

పాతకాలంలో సంఘం అప్పు సంఘం పుస్తకంలోనే ఉండేది. ఇప్పుడు అట్లా కాదు. సంఘంలో ఒక్కొక్క సభ్యురాలి వివరాలు క్రెడిట్ సమాచార సంస్థలకు పంపాలని 2016లోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. మైక్రోఫైనాన్స్ అప్పుల నిబంధన 2022లో మారింది. ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి ఇచ్చే ఈ అప్పుల్లో, ఇంటి మొత్తం వాయిదాలు నెల ఆదాయంలో సగం దాటకూడదు. ఇంటి మొత్తం అంటే భర్త వాయిదాలు కూడా అందులో లెక్కే. ఆ సంగతి దాచి ఆమెతో సంతకం పెట్టిస్తే, రేపు వాయిదా తప్పిన రోజు సంఘంలోని తక్కిన ఆడవాళ్లు గుమ్మం ముందు కూర్చుంటారు. అప్పుడు అవమానం పడేది సలహా ఇచ్చిన మరిది కాదు, ఆమె.

ఇదే ఇంట్లో వినిపించే ఇంకో మాట, "బీడీల పీఎఫ్ తీసి బాకీ కట్టు" అని. ఆ పీఎఫ్ ఆమె చేతి కష్టం. పీఎఫ్ సొమ్మును ఏ కోర్టూ జప్తు చేయలేదు, ఇన్సాల్వెన్సీ చట్టం కింద వేసిన రిసీవర్‌కు కూడా దాని మీద హక్కు లేదు, ఈ రెండు సంగతులూ పీఎఫ్ చట్టంలో స్పష్టంగా ఉన్నాయి. చట్టం ముట్టుకోనిదాన్ని ఇంటివాళ్లు ముట్టుకోవడం న్యాయమా? ఆమె పేరును, ఆమె పీఎఫ్‌ను పక్కన పెట్టి, మునిగిన మనిషి తన పేరును తానే బాగుచేసుకోవాలి. అది నెమ్మదిగా అయ్యే పనే, కానీ అయ్యే పని.

"ఐదు వేలియ్యి, సిబిల్ ఏడొందల యాభై చేపిస్త" అనే ఏజెంట్ల గురించి ఎక్కువ చెప్పను. నిజమైన ఆలస్యాన్ని ఎవరూ చెరపలేరు, తప్పుగా పడ్డదాన్ని మీరే పైసా ఖర్చు లేకుండా సరిచేయించుకోవచ్చు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అనే నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. ఫోన్‌లో అప్పులిచ్చే యాప్‌ల జోలికి పోవద్దు. వాళ్ల వేధింపులకు 2020 చివర్లో మన రాష్ట్రంలోనే ప్రాణాలు పోయాయి. "పది బ్యాంకుల్ల పెట్టు, ఒక్కటన్న తగుల్తది" అనేది కూడా చెడ్డ సలహానే. అడిగిన ప్రతిసారీ ఆ విచారణ రిపోర్టులో పడుతుంది, పదకొండో బ్యాంకు అది చూసి భయపడుతుంది.

ఇక అసలు కార్డు సంగతి. విముక్తి వచ్చి, రిపోర్టులో తప్పులు సరిచేయించుకున్నాక, మీ అప్పు మునగని వేరే బ్యాంకుకు వెళ్లి 15, 20 వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి దాని మీద కార్డు అడగండి. స్కోరు చెడినవాడికి పెద్దగా వెనకాడకుండా ఇచ్చేది ఈ కార్డే. "మన పైసలు మనమే కుదువబెట్టి కార్డు తీసుకునుడేంది" అని నవ్వేవాళ్లు ఉంటారు. వాళ్ల మాట వినకండి. ఆ కార్డు మీద ప్రతినెలా పూర్తి బిల్లు కట్టినట్టు పడే రాతే మీకు కావాల్సింది. 20 వేల పరిమితి ఉంటే ఆరు వేలు దాటి వాడకండి. కరెంటు బిల్లు, ఫోన్ రీచార్జి, ఈ రెండే చాలు. మొదటి ఏడాది దాన్ని యూపీఐకి కలపకండి, చాయ్ కాడ, కిరాణం కాడ స్కాన్ చేస్తూ పోతే నెలాఖరుకు లెక్క తప్పుతుంది.

అప్పుడు వస్తుంది మరో సలహా: "మొత్తం ఎందుకు, మినిమం కట్టు చాలు."

లెక్క వేసి చూడండి. కార్డు మీద 20,000 బాకీ ఉంది, నెలకు మూడున్నర శాతం మిత్తి అనుకుందాం. మిత్తి 700. దాని మీద 18 శాతం జీఎస్టీ 126. మొత్తం 826. కనీస మొత్తం ఐదు శాతం చొప్పున 1,000 కట్టారు. బాకీలో తగ్గింది 174 రూపాయలు. నూటికి మూడు రూపాయల మిత్తి అంటే ఊళ్లో ఎవరైనా గుండెలు బాదుకుంటారు, ఇక్కడ నూటికి మూడున్నర, పైన పన్ను. మొత్తం బాకీ ఖాతాలోంచి దానంతటదే కట్ అయ్యేట్టు పెట్టుకోండి, 'మినిమం' గడిలో టిక్కు పెట్టకండి. ఒకవేళ తేదీ జారినా, మూడు రోజులకు మించి ఆలస్యమైతేనే దాన్ని బకాయిగా రిపోర్టు చేయాలన్నది 2022 నిబంధన, ఆ మూడు రోజుల్లోనే కట్టేయండి. దుకాణంలో కార్డు గీకి కమీషన్ ఇచ్చి నగదు తీసుకోమనేవాళ్లను, ఏటీఎంలో కార్డు పెట్టి తీసుకోమనేవాళ్లను దూరం పెట్టండి. ఏటీఎంలో తీస్తే మొదటి రోజు నుంచే మిత్తి నడుస్తుంది.

కార్డు ఎంచుకునేటప్పుడు ఎయిర్‌పోర్టు లాంజ్, బహుమతి పాయింట్లు చూడకండి. మొదటి ఏడాది ఉచితం అంటే రెండో ఏడాది ఫీజు ఎంతో అడగండి. డిపాజిట్ ఎప్పుడు వెనక్కి ఇస్తారో, దానికి మిత్తి మీకే వస్తుందో లేదో అడగండి. రెండు నెలల తర్వాత రిపోర్టు తీసి ఆ కార్డు అందులో పడిందో లేదో చూసుకోండి. నచ్చకపోతే మూసేయమని రాయండి, బాకీ లేకుంటే ఏడు పనిదినాల్లో మూయాలి, ఆపైన ఆలస్యానికి రోజుకు 500 రూపాయలు వాళ్లే మీకు కట్టాలి.

చివరగా, జగిత్యాల వైపు ఎవరూ తప్పించుకోలేని సలహా, "దుబాయ్ పో, రెండేండ్లల్ల అన్నీ తీరుతయ్." పోవద్దని నేను అనను, పోయి నిలదొక్కుకున్న ఇళ్లు ఈ ప్రాంతంలో వేలున్నాయి. విముక్తి దరఖాస్తు కోర్టులో ఉండగా, వకీలుకు చెప్పకుండా విమానం ఎక్కొద్దు. ఏజెంటుకు కట్టడానికి నూటికి మూడు రూపాయల మిత్తికి కొత్త అప్పు చేయొద్దు. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సేవా రుసుం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి. వెళ్లేముందు డిపాజిట్ మీద తీసుకున్న ఆ కార్డును మూసేయకండి. ఇంట్లో ఫోన్ రీచార్జి దాని మీదే సాగనివ్వండి, బిల్లు మీ ఖాతాలోంచి కట్ అయ్యేలా చూసి, ఆ ఖాతాలో నాలుగు నెలల బిల్లుకు సరిపడా డబ్బు ఉంచి బయలుదేరండి.