‘ఏం కాదులే’కు ఎన్ని సున్నాలు?

ఇంజినీర్లకు లెక్కలు రావని ఎవరైనా అంటే నమ్మకండి. ల్యాబులో ఏది ఎప్పుడు కాలుతుందో వాళ్లకు తెలిసినంత కచ్చితంగా పంచాంగకర్తకు గ్రహణం కూడా తెలియదు. చేయిజారిన రెసిస్టరు దొరుకుతుందా అంటే, డబ్బాలో అలాంటివి ఇంకో యాభై ఉంటే తక్షణం దొరుకుతుంది. అదే ఆఖరిదైతే టేబుల్ కింద భూమి మింగేస్తుంది. మల్టీమీటరు ఫ్యూజు ఎగిరిపోయే అవకాశం, దాన్ని అరువిచ్చినవాడి మంచితనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 350 డిగ్రీల సోల్డరింగ్ ఐరన్ జారితే, చేయి మెదడును అడక్కుండానే పట్టేసుకుంటుంది, అదీ కొనవైపు. ఈ సూత్రాలన్నీ టీ కప్పుల దగ్గర పుట్టి, నవ్వులతో ఆమోదం పొందుతాయి.

నవ్వులాటే కదా అని తీసిపారేయక్కర్లేదు. చూపుతో లెక్కకట్టడం ఈ వృత్తికి ప్రాణం. 1945 జులై 16న న్యూ మెక్సికో ఎడారిలో తొలి అణుబాంబు పేలినప్పుడు భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ చేతిలోంచి కాగితం ముక్కలు వదిలాడు. పేలుడు గాలికి అవి ఎంత దూరం పడ్డాయో చూసి, 10 వేల టన్నుల టీఎన్‌టీతో సమానమన్నాడు. అసలు లెక్క 20 వేలు దాటింది. సగానికి సగం తప్పాడు గానీ, ఒక్క సున్నా కూడా తప్పలేదు.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు తయారుచేసేవాడూ అలాంటి లెక్కగాడే. దాని నెత్తిమీద గీతలు గీసి ఉంటాయి, చూడండి. అలంకారం కాదవి. ప్లస్సూ మైనస్సూ తారుమారు చేసే మహానుభావుడు ఎక్కడో ఒకచోట ఉంటాడనీ, అప్పుడు లోపల వాయువు పుట్టి డబ్బా ఉబ్బుతుందనీ, తుపాకీ గుండులా పేలేకంటే గీత దగ్గర చీలి ఆవిరి పోవడం మేలనీ ముందే లెక్కేసి గీసిన గీతలు. అలాంటి తారుమారే 1949లో అమెరికాలోనూ జరిగింది. ఇంజినీరు ఎడ్వర్డ్ మర్ఫీ తెచ్చిన సెన్సార్లకు తీగలు తిరగేసి కలిపారు. రాకెట్ బండి పరీక్ష అయ్యాక చూస్తే రీడింగు సున్నా. తప్పుకు వీలుంటే తప్పు జరిగి తీరుతుందనే మర్ఫీ సూత్రం ఆయన చిరాకులోంచే పుట్టింది. ఆ పరీక్షలు నడిపిన డాక్టర్ జాన్ స్టాప్ బృందం నవ్వి ఊరుకోలేదు. తప్పు జరిగి తీరుతుందనుకునే ఏర్పాట్లు చేసుకుంది.

మన దగ్గర నవ్వు వరకే అమలవుతుంది. సీఆర్‌ఓ (ఆసిలోస్కోపు) ప్రోబు గ్రౌండ్ క్లిప్పు లోలోపల ప్లగ్గు ఎర్త్ పిన్నుకే కలిసి ఉంటుంది. దాన్ని ఫేజు మీద పెడితే ఢామ్మంటుంది. మందేమిటి? డిఫరెన్షియల్ ప్రోబు. దానికి ఇండెంటు పెడితే ఫైలు తిరిగొచ్చేలోపు బ్యాచ్ పాసై వెళ్లిపోతుంది. అందుకని చవకైన వైద్యం: ఎర్త్ పిన్ను విరిచేయడం. ఇక ఢామ్మనదు. ఈసారి సీఆర్‌ఓ ఒళ్లంతా 230 వోల్టులు నిశ్శబ్దంగా ఎక్కి కూర్చుంటాయి. తడిచేతి నిరోధం వెయ్యి ఓములనుకుంటే 230 మిల్లీ ఆంపియర్లు. మనుషుల రక్షణకు పెట్టే ఆర్‌సీసీబీ 30 దగ్గరే కట్ కావాలి. ఈ భాగహారం ఫస్టియర్ కుర్రాడికీ వచ్చు. అయినా వేయడు. సీనియర్ ‘ఏం కాదులే’ అన్నాడుగా!

ఏమైనా అయినా రికార్డుకెక్కదు. ఏ కాలేజీ ల్యాబు రికార్డయినా తిరగేయండి: లూజ్ కనెక్షన్లు ఉండరాదు, పారలాక్స్ ఎర్రర్ లేకుండా చూడాలి, ఫలితం సరిచూడబడినది. ఒక్క కెపాసిటరూ పేలలేదు, ఒక్క వేలూ కాలలేదు. ప్రమాదాలే జరగని దేశంలో ప్రమాదాల అంచనాకు అంకెలు ఎక్కణ్నుంచి వస్తాయి?

పెద్దల ల్యాబుల్లోనూ ఇదే లెక్క, సున్నాలే ఎక్కువ. 1986 జనవరి 28న చాలెంజర్ స్పేస్ షటిల్ ఎగిరిన 73 సెకన్లకే ఏడుగురితో సహా ముక్కలైంది. విచారణ సంఘంలోని భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ అడిగితే పనిచేసే ఇంజినీర్లు వందకు ఒకటి పోవచ్చన్నారు. పైవాళ్ల లెక్కలో అది లక్షకు ఒకటి. అంటే రోజుకొకటి ఎగరేసినా రెండున్నర శతాబ్దాలకు పైగా ఢోకా లేదన్నమాట. ఆ మూడు సున్నాలను ఏ మీటరుతో కొలిచారో ఎవరూ చెప్పలేదు. చివరికి 135 ప్రయాణాల్లో రెండు షటిళ్లు పోయాయి.

మనమూ తక్కువ తినలేదు. 2020 మే 7న విశాఖలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకులోంచి లీకైన స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచింది అడుగున. వేడి ముదిరింది పైన. అడుగున మీటరు బాగానే ఉందంటే పైనా బాగానే ఉన్నట్టు. ఇదీ ‘ఏం కాదులే’నే, కాకపోతే డయలు మీద.

కాబట్టి జోకులు మానకండి, వాటిని రికార్డుకెక్కించండి. జాగ్రత్తలు అన్న శీర్షిక కింద ఈ వారం ఏం కాలిందో, ఎందుకు కాలిందో తేదీతో సహా రాయండి. మార్కులు తగ్గితే తగ్గనివ్వండి. ఇక మీదట ఎవరైనా ‘ఏం కాదులే’ అంటే, వందకా లక్షకా అని అడగండి. చెప్పలేకపోతే స్విచ్ వేయనివ్వకండి.