హారను పద్యం: కర్ణభేదినీ వ్యాఖ్యా సహితం

అవతారిక

పుణె నుంచి మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి గరికపాడు దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో అడుగుపెడుతుంది. జగ్గయ్యపేటను ఒరుసుకుని, చిల్లకల్లు, నందిగామ, కీసర మీదుగా బెజవాడకు దిగుతుంది. ఈ మెట్ట 2022లో ఎన్టీఆర్ జిల్లాలో చేరినా, మా నోట ఇంకా కృష్ణా జిల్లాయే. ఆ రోడ్డు నంబరు మారి పదేళ్లు దాటినా పెద్దల నోట ఇంకా తొమ్మిదో నంబరే. సిమెంటు లారీలు, మిరప టిక్కీల లారీలు, తిరుపతమ్మ తల్లి దర్శనానికి పెనుగంచిప్రోలు పోయే ఆటోలు, మునిమాపున చేలలోంచి ఇంటికి మళ్లే గేదెలు, అందరికీ అదే దారి. ఈ దారిలో పగలూ రాత్రీ అందరూ పఠించేదీ, అర్థం ఎవరూ అడగనిదీ హారను. దాని మీద నేనొక ఆటవెలది కట్టాను. వ్యాఖ్య లేని పద్యం చెల్లదని వావిళ్ల వారి పుస్తకాలు చదివి పెరిగిన వాణ్ని కనుక, వ్యాఖ్యా నేనే రాసుకున్నాను.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కొల్చారం వాడైన మల్లినాథ సూరి ప్రతిజ్ఞ పట్టాడు. అందులో మొదటి సగం నాకూ సమ్మతమే.

మూలం

మీట నొక్కినంత మేలుకొను రిలేయు
బ్యాటరీని వీడి పారు శక్తి
ఫ్యూజు దాటి పోయి పొరను కుదిపివేయ
కేక పుట్టు నెదుటి గేదె నిలుచు

ప్రతిపదార్థం

మీటన్ = స్టీరింగు నడుమ నుండు బిళ్ళను; నొక్కినంత = బొటనవ్రేలితో నదిమిన తోడనే; రిలేయున్ = ఫ్యూజుల పెట్టెలో నడగియున్న రిలే యనునదియు; మేలుకొనున్ = టిక్కుమని లేచును; బ్యాటరీని వీడి = బ్యాటరీ నుండి బయలుదేఱి; పారు శక్తి = ప్రవహించు కరెంటు; ఫ్యూజు దాటి పోయి = తన హద్దు మీఱనిచో ఫ్యూజును గడచి; పొరను = హారను లోపలి యుక్కు రేకును; కుదిపివేయన్ = అదరగొట్టగా; కేక పుట్టున్ = మోత జనించును; ఎదుటి గేదె = రోడ్డున కడ్డముగా నున్న గేదె; నిలుచున్ = నిలుచును.

తాత్పర్యం

హారను కొడితే హారను మోగుతుంది.

విశేషాలు

"మీట నొక్కినంత" అన్నాడు కవి. మీట కరెంటును పంపుతుందని లోకులు అనుకుంటారు. పంపదు. చాలా కార్లలో స్టీరింగు దగ్గరికి వచ్చేది ఒక్కటే సన్నటి వైరు. బిళ్ళ నొక్కినప్పుడు ఆ వైరు బండి ఇనప శరీరానికి, అంటే ఎర్త్‌కి, తగులుతుంది. ఆ తగలడంతో అప్పటిదాకా దారి దొరక్క ఆగి ఉన్న కరెంటుకు బ్యాటరీ మైనస్ దాకా తోవ పడుతుంది. వేలు చేసే పని ఇంతే.

ఈ ఎర్త్ తత్త్వం తెలియకనే లోకంలో సగం హారన్లు అన్యాయంగా మారిపోతున్నాయి. చిల్లకల్లు రోడ్డు పక్కన ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర నేను కళ్లారా చూసింది చెబుతాను. పెద్దాయనొకడు పాత ట్రాలీ ఆటో తెచ్చి ఆపాడు. చేతిలో అట్టపెట్టె, అందులో కొత్త హారను. కుర్రాడు పెట్టె ముట్టలేదు. ఒక వైరు ముక్క రెండు కొసలూ పళ్లతో చీల్చి, ఒక కొస పాత హారను పిన్నుకి తగిలించి, రెండోది చాసిస్ బోల్టు మీద గీకాడు. హారను గావుకేక పెట్టింది.

"హారను బానే ఉంది బాబాయ్. ఎర్తే రావట్లా."

"మరి కొత్తది కొనుక్కొచ్చానుగదరా!"

"తిరిగిచ్చెయ్. బిల్లు పారెయ్యలేదుగా?"

తర్వాత బోల్టు విప్పి, దాని కింద రంగూ తుప్పూ కలిసి కట్టిన పెచ్చును ఎమరీ పేపరుతో రుద్ది, రింగు మళ్లీ బిగించాడు. ఇంతకంటే చక్కని టీక ఈ పాదానికి ఎవరూ రాయలేరు.

ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో మరో మెలిక ఉంది. తిరిగే స్టీరింగుకీ తిరగని బండికీ మధ్య, చుట్టగా చుట్టిన రిబ్బను తీగ ఒకటి ఉంటుంది. అది తెగితే హారను మూగబోతుంది, మీటరు బోర్డు మీద ఎయిర్‌బ్యాగు దీపం కూడా వెలుగుతుంది. హారను రిపేరు అనుకుని పోయినవాడికి బిల్లు చూశాక గుండె గుభేలుమంటుంది. ఇంకా కొత్త బళ్లలో నొక్కుడు కంప్యూటరుకి పెట్టుకునే విన్నపం మాత్రమే. అది మన్నించి రిలేను కదపాలి. ఆ నవ్య మతం మీద వ్యాఖ్య రాయడానికి లాప్‌టాప్ కావాలి, వదిలేస్తున్నాను.

ఇక "రిలేయు". పద్యానికి ప్రాణం ఇక్కడుంది. ముందుగా వ్యాకరణం. రిలే అంటే చాలు, "యు" ఎందుకు? పాదం నింపడానికని మందమతులు అంటారు. అది సముచ్చయం. రిలే కూడా మేలుకుంటుంది అంటే, మేలుకునేవారు వేరే ఉన్నారని ధ్వని. హైదరాబాదు నైటు బస్సులో కిటికీకి తల ఆనించి, నందిగామ దగ్గర అప్పుడే కన్నంటిన ప్రయాణికులు ఇక్కడ గ్రాహ్యులు.

రిలే స్వరూపం: చిన్న నల్ల పెట్టె, లోపల తీగ చుట్ట, ఒక ఇనప నాలుక, ఒక స్ప్రింగు. అడుగున నాలుగు కాళ్లు. జర్మనుల లెక్క ప్రకారం వాటి పేర్లు 30, 87, 85, 86. బ్యాటరీ కరెంటు ఫ్యూజు మీదుగా 30కి వచ్చి కాచుకుని ఉంటుంది. 87 హారనుకు పోతుంది. 85, 86 తీగ చుట్ట కొసలు. అందులో ఒకటి స్టీరింగు మీటకు పోతుంది. మీట నొక్కగానే చుట్ట అయస్కాంతమై నాలుకను లాగుతుంది, 30 వచ్చి 87ను తాకుతుంది, తలుపు తెరుచుకుంటుంది. వదిలితే స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది.

ఇంత తతంగం దేనికి? కారు హారను ఒక్కోటి నాలుగైదు ఆంపియర్లు తాగుతుంది, సన్న గొంతుదీ బొంగురుదీ కలిపి సాధారణంగా జంటగా ఉంటాయి కాబట్టి దాదాపు పది. రిలే చుట్టకు ఆంపియరులో ఆరోవంతు చాలు. కావ్యాల్లో నాయిక గుమ్మం దాటదు, దూతిక వెళ్లి పని చక్కబెడుతుంది. ఇక్కడ వేలు నాయిక, రిలే దూతిక. బరువంతా దూతికదే, పేరంతా నాయికదే. 1835లో జోసెఫ్ హెన్రీ అమెరికాలో ఈ ఏర్పాటు చేసింది, తంతి తీగల్లో దూరం పోయేకొద్దీ నీరసించే కరెంటు చేత అవతలి చివర మరో బ్యాటరీని కదిలించడానికి. ఆ మహానుభావుడి కనిపెట్టుడు చివరికి కీసర టోల్‌గేటు క్యూలో ముందు బండివాణ్ని గదమాయించడానికి అక్కరకొచ్చింది.

దీన్ని ఒప్పుకోని మతం ఒకటుంది, డైరెక్టు వాదం. వీరు అద్వైతులు. మీటా హారనూ ఒకటే, నడుమ రిలే అన్నది మాయ, రెండు వందలు దండగ అంటారు. రిలే పీకేసి లావు వైరు నేరుగా బిళ్ళకు కలుపుతారు. మోటారు సైకిలుకు ఈ మతం చెల్లుతుంది. దాని హారను చిన్నది, వైరు పొట్టిది. కారుకు జోడు హారన్లు బిగించి ఇదే పని చేస్తే పది ఆంపియర్లూ మీటలోంచి పోతాయి, నొక్కిన ప్రతిసారీ లోపల నిప్పురవ్వ లేస్తుంది, పాయింట్లు నల్లబడతాయి, గొంతు రోజురోజుకీ నీరసిస్తుంది. ఒకనాడు ఆ పాయింట్లు అతుక్కుపోతాయి. అప్పుడు హారను ఆగదు. నిజం చెప్పాలంటే రిలేకి కూడా ఈ గతి పట్టవచ్చు. పట్టినప్పుడు స్టీరింగును గుద్దడం దండగ. ఫ్యూజు పీకడమే శాంతి.

ఇక్కడే పద్యానికి ఒక దోషం అంటగడతారు. నొక్కడం చెప్పాడు, వదలడం చెప్పలేదు, న్యూనపద దోషం అని. అది దోషం కాదు. కవి మన రోడ్డును ఉన్నదున్నట్టు చెప్పాడు.

"బ్యాటరీని వీడి" అన్నాడు గానీ ఇంజన్ను వీడి అనలేదు. చాలా కార్లలో తాళం తీసేసినా హారను మోగుతుంది గదా, అందుకని. లారీలకు రెండు పన్నెండు వోల్టుల బ్యాటరీలు వరసగా కట్టి ఇరవై నాలుగు చేస్తారు. ఛందస్సు ఒప్పుకోక కవి ఏకవచనం వాడాడు.

"పొరను కుదిపివేయ". హారను లోపల జరిగేది వింటే జాలేస్తుంది. కరెంటు రాగానే అయస్కాంతం ఉక్కు రేకును లాగుతుంది. లాగిన రేకు, తనకు కరెంటు తెచ్చే పాయింట్లనే తెరిచేస్తుంది. కరెంటు చస్తుంది. రేకు వెనక్కి పోతుంది, పాయింట్లు కలుస్తాయి, కరెంటు మళ్లీ పుడుతుంది. సెకనుకు నాలుగైదు వందల సార్లు ఈ చావు పుట్టుకలు. ఆ అదురే మనకు వినిపించే మోత. వెనకున్న చిన్న స్క్రూ తిప్పితే రేకుకీ పాయింట్లకీ ఎడం మారి గొంతు మారుతుంది. సిమెంటు దుమ్ము పట్టిన లారీ హారన్లకు మా వైపు మొదటి వైద్యం ఈ స్క్రూయే. రెండోది, మూతి కిందికి ఉండేట్టు బిగించడం. మూతి పైకి పెడితే వానకి లోపల నీళ్లు నిలుస్తాయి. నీళ్లంటే గుర్తొచ్చింది: 2023 జులైలో మున్నేరు ఐతవరం దగ్గర హైవే మీదికి పొర్లి ఈ రోడ్డును ఆపేసింది. ఏటికి హారను వినపడదు.

లారీల ఎయిర్ హారన్లు ఈ పద్యానికి లోబడవు. వాటిలో కరెంటు పని వాల్వు తెరవడం వరకే, అరిచేది గాలి. బ్రేకుల కోసం ట్యాంకులో నిలవ చేసిన గాలిని అరుపుకు ఖర్చుపెట్టడం ఏ శాస్త్రమో నాకు తెలియదు.

"ఫ్యూజు దాటి పోయి": ఫ్యూజు తన పైన పోయే కరెంటు మితిమీరితే కాలి చచ్చి తక్కినవారిని బతికిస్తుంది. మోత మితిమీరితే మాత్రం దానికి పట్టదు. రిలేకీ పట్టదు, స్ప్రింగుకీ పట్టదు. ఈ బండెడు సరంజామాలో, ఇప్పుడు కొట్టడం అవసరమా అని అడిగే పురుగు ఒక్కటీ లేదు. ఆ లోటు పూడ్చడానికి చట్టాలు వచ్చాయి. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 119వది, వేర్వేరు స్వరాలు వరసగా పలికే హారన్లు పెట్టరాదంది, కర్ణకఠోరమైనవీ పెట్టరాదంది. అంటే స్వరం ఒప్పు, రాగం తప్పు. 2021లో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ నాసిక్‌లో మాట్లాడుతూ హారన్ల నుంచి వేణువు, తబలా, వయొలిన్ వినిపించేలా చట్టం తేవాలని ఉందన్నారు. గరికపాడు దగ్గర నలభై లారీలు ఒక్కసారిగా వేణువూదితే ఎలా ఉంటుందో ఊహించే ధైర్యం నాకు లేదు. లారీల వెనక రాసే "హారన్ ఓకే ప్లీజ్" అనే ఉపదేశాన్ని మహారాష్ట్ర 2015లో నిషేధించింది. మా దారిలో ఇంకా కనిపిస్తూనే ఉంది. వెనకవాడు దాన్ని విధివాక్యంగా తీసుకుంటాడు.

పాఠాంతరం

చివరి పాదంలో "గేదె నిలుచు" జగ్గయ్యపేట పాఠం. నందిగామ పాఠం "గేదె కదలు". రెండూ మూడేసి లఘువులే కనుక గణం తీర్పు చెప్పదు. యతి గేదె దగ్గరే తీరిపోయింది. (గరికపాడు దాటి తెలంగాణలో పడితే గేదె బర్రె అవుతుంది, యతి కూలుతుంది, అందుకే ఈ పద్యం కోదాడలో పఠించరాదు.) కాబట్టి అలంకారం చూసి తేల్చాలి. వేలు స్టీరింగు మీద, అరుపు బంపరు దగ్గర, ఉలికిపాటు పక్కన పోయే స్కూటరు మీద. కార్యకారణాలు తలో చోట ఉన్నాయి గనుక అసంగతి అలంకారం పద్యమంతటా ఉంది. చివరి పాదంలో కారణం పుష్కలంగా ఉండీ కార్యం పుట్టలేదు, కేక ఉంది, గేదె కదల్లేదు. ఇది సలక్షణమైన విశేషోక్తి. "కదలు" అంటే ఆ అలంకారం పోయి అతిశయోక్తి వచ్చి కూర్చుంటుంది. కనుక జగ్గయ్యపేట పాఠమే సాధువు. నిలుచు అంటే పడుకున్న గేదె లేచి నిలబడిందని ఇంకో అర్థం చెబుతారు. అది అర్థం కాదు, ఆశ.

శంక: రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నివాస ప్రాంతాల్లో హారను కొట్టరాదని శబ్ద కాలుష్య నిబంధనలు, ప్రజా అత్యవసరానికి మినహాయింపు ఉంది. సర్వీసు రోడ్డు మీద గేదె ప్రజా అత్యవసరమా? సమాధానం: గేదె గలాయనను అడగాలి.

ఫలశ్రుతి

ఈ మీటను అవసరం లేకుండా గానీ, ఆపకుండా గానీ, హారను వద్దని బోర్డు ఉన్నచోట గానీ నొక్కినవారికి, 2019లో మోటారు వాహన చట్టంలో చేర్చిన 194ఎఫ్ సెక్షను చొప్పున మొదటి పర్యాయం వెయ్యి రూపాయలు, ఆపైన ప్రతి పునఃపఠనానికీ రెండు వేలు సిద్ధించును.