వెంట నడిచే కమాను

మొన్న మా మనవరాలి ఫిడేలు పాఠం విన్నాను. గురువుగారు ఎక్కడో ఫోనులో పాడుతున్నారు, ఇది ఇక్కడ మంచం మీద కూర్చుని వింటోంది. ఆయన ఆపాక ఇది వాయించింది. ఇది ఆపాక ఆయన తప్పులు చెప్పారు. "ఆయన పాడుతుండగానే వెంట వాయించవేమే?" అన్నాను. "కుదరదు తాతయ్యా, శబ్దం ఆలస్యంగా వస్తుంది, తాళం తప్పిపోతుంది" అంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. గురువుతో కలిసి కమాను లాగకుండా ఫిడేలు ఎట్లా వస్తుంది?

మా రోజుల్లో ఫిడేలు నేర్చుకోవడమంటే వెంట నడవడం నేర్చుకోవడమే. ఆలాపనలో గాయకుడు ఏ సందు తిరుగుతాడో ముందుగా ఎవరికీ తెలియదు. పక్కనున్నవాడు అరక్షణం వెనక ఆ సందే తిరగాలి, గాయకుడి కాలు తొక్కకూడదు, వెనకబడిపోనూ కూడదు. ఈ విద్యకు నాకు తెలిసిన నిలువెత్తు రూపం అన్నవరపు రామస్వామిగారు. 1926లో ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టారు. మాగంటి జగన్నాథం చౌదరిగారి దగ్గర, పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర నేర్చుకున్నారు. పంతులుగారిది త్యాగరాజస్వామి శిష్యపరంపర. మా కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ కూడా ఆ పంతులుగారి శిష్యుడే. ఒకే గురువు నోట విన్న ఇద్దరు, ఒకరు గొంతుతో, ఒకరు తీగతో, ఒకే వేదిక మీద కూర్చుంటే ఎలా ఉంటుందో ఈ కాలం పిల్లలకు ఏమని చెప్పను!

బెజవాడలో రేడియో స్టేషను 1948లో వచ్చింది. రామస్వామిగారు ఆ ఏడే అందులో వాయించడం మొదలుపెట్టి 1986 దాకా వాయించారు. 38 ఏళ్ళు. ఇవాళ ఒకరు, రేపు ఇంకొకరు, ఎవరి శ్రుతికి వాళ్ళు, ఎవరి నడకకు వాళ్ళు. అందరి వెంటా ఒక్క కమాను. మా ఊళ్ళో పంచాయతీ రేడియో ఉండేది. సాయంత్రం పొలం నుంచి వచ్చిన రైతులు కాళ్ళు కడుక్కుని పంచాయతీ అరుగు మీద కూర్చునేవారు. రాగాల పేర్లు తెలియని మనుషులు. పక్కవాద్యం గాయకుణ్ణి అందుకోగానే మాత్రం తల ఊపేవారు.

కచేరీ కళ్ళారా చూడాలంటే ముక్తేశ్వరంలో పంటు ఎక్కి, కోటిపల్లి రేవులో దిగి, కాకినాడ సరస్వతీ గాన సభకు వెళ్ళేవాళ్ళం. రాత్రి పంటు ఉండదు. మంగళం దాకా విని, తెల్లవారేదాకా రేవులో పడుకుని ఇంటికొచ్చేవాళ్ళం. ఈమధ్య ఒక సభలో విద్వాంసుడు ఇంకా రాగంలో ఉండగానే తర్వాతి కార్యక్రమానికి వేళైందని చీటీ అందించారు. ముందు వరసలో కూర్చుని తలవంచుకున్నాను.

మా మాస్టారు మొదటి మూడు నెలలు ఎడమచేతి వేళ్ళు తీగ మీద పెట్టనివ్వలేదు. బాసింపట్టు వేసి, ఫిడేలు తల కుడి మడమ మీద ఆనించి, వట్టి షడ్జం మీద కమాను ఈ కొస నుంచి ఆ కొసకు లాగడమే పని. గీరిన చప్పుడు వస్తే మళ్ళీ మొదటినుంచి. ఆ తర్వాత వేళ్ళకు చుక్క కొబ్బరినూనె రాసుకుని తీగ మీద జారడం. తెల్లవాళ్ళ ఫిడేలు గడ్డం కింద ఉంటుంది, దాని శ్రుతి కట్టేసినట్టు ఒకచోటే ఉంటుంది. మనవాళ్ళు దాన్ని నేల మీదికి దించి, నాలుగు తీగలనూ షడ్జమ పంచమాలకు సవరించి, పాడేవారి గొంతుకు ఒదిగేలా చేశారు. దాని పుట్టుక ఏదైనా మన దగ్గర అది నేర్చుకున్నది ఒదగడం. ఇప్పుడు నాలుగు నెలలకే వర్ణం, ఆరో నెలకు ఫోనులో వీడియో. ఎవరిని చూసినా సోలో కావాలంటారు. పక్కవాద్యమంటే తల్లిదండ్రులకు కూడా చిన్నచూపే.

రామస్వామిగారు వందన, శ్రీదుర్గ అనే రాగాలు కల్పించారు, త్రినేత్రాది, వేదాది అనే తాళాలు కల్పించారు. ఆయనలో అంత కల్పన ఉంది. అయినా దశాబ్దాల తరబడి ఇంకొకరి రాగం వెంట నడిచారు. ఎందరికో పాఠం చెప్పారు. పద్మశ్రీ 2021లో వచ్చింది, 95వ ఏట. పక్కన కూర్చున్న మనిషిని చూడడానికి దేశానికి అంతకాలం పట్టిందని నాకు ఇప్పటికీ బాధే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మేము ఒక్కసారి విని పోగొట్టుకున్న కచేరీలు ఈ పిల్లలకు ఫోనులో దొరుకుతున్నాయి. మనవరాలికి పాత రేడియో కచేరీ ఒకటి పెట్టి, "గాయకుణ్ణి వినకు, ఫిడేలు ఎప్పుడు ఆగుతోందో చూడు" అన్నాను. రెండుసార్లు వింది. మూడోసారి తనే, "ఇక్కడ కావాలనే వాయించలేదు తాతయ్యా" అంది.

అప్పటినుంచి సాయంత్రం పూట ఫోను పక్కగదిలో పెట్టిస్తున్నాను. వరండాలో చాప వేసి, నా అరిగిపోయిన గొంతుతో మోహనం పాడుతున్నాను. అది వెంట వస్తోంది. నిన్న రెండుచోట్ల నన్ను దాటిపోయింది, ఒకచోట ఆగింది.