జాకబ్ వజ్రం చెప్పుకున్న గోడు

కోహినూర్ పేరెత్తితే చాలు, తెలుగువాళ్లు నిట్టూరుస్తారు. 105.6 క్యారెట్ల ఆ రాయి లండన్ కోటలో ఉండిపోయిందే అని బాధపడతారు. దానికంటే చాలా పెద్దది, 184.75 క్యారెట్ల వజ్రం ఒకటి మన దేశంలోనే, రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉందని చెబితే మాత్రం "అవునా?" అని ఊరుకుంటారు. ఆ రెండోదే ఈ రాయి. జాకబ్ వజ్రం అంటారు. "నేను" అని చెప్పుకోవడం దీనికి అలవాటు లేదు. నూట ముప్పై ఏళ్లకు పైగా "ఈ రాయి ఎంతకిస్తావు?", "ఈ రాయి మాకొద్దు" అని ఎవరెవరో తన ఎదుటే మాట్లాడుకుంటుంటే వింటూ వచ్చింది. తన కథ కూడా ఆ తీరులోనే చెబుతుంది.

నిజాముల ఇంట చేరింది కదా అని చాలామంది ఈ రాయిని గోల్కొండ బిడ్డ అనుకుంటారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో పుట్టిందని చెప్పుకుంటే గొప్పగానే ఉంటుంది గానీ, అది అబద్ధం. దీని పుట్టిల్లు దక్షిణాఫ్రికా. 1884 ప్రాంతంలో బయటపడింది. అప్పుడు దీని బరువు 450 క్యారెట్ల పైమాటే. లండన్ వర్తకులు కొందరు కలిసి కొని ఆమ్‌స్టర్‌డాం పంపారు. 1887 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్ రాణి సమక్షంలో అక్కడ సాన పని మొదలైంది. సగానికి పైగా ఒళ్లు ఆ సానకే పోయింది. మిగిలింది 39.5 మిల్లీమీటర్ల పొడవు, 58 పలకలు. ఇంపీరియల్ అన్నారు, విక్టోరియా అన్నారు, 1889లో పారిస్ ప్రదర్శనలో పెట్టారు. అదే ఏడు, అదే ప్రదర్శన కోసం కట్టిన ఈఫిల్ టవర్‌ను జనం తలలెత్తి చూస్తుంటే, ఈ రాయి అద్దాల పెట్టెలో కూర్చుని కొనేవాడి కోసం ఎదురుచూసింది.

కొనేవాడు దొరకలేదు. అమ్మేవాడు దొరికాడు.

సిమ్లాలో అలెగ్జాండర్ మాల్కం జాకబ్ అనే నగల వర్తకుడు ఉండేవాడు. ఎక్కడివాడో ఎవరికీ సరిగ్గా తెలియదు. మంత్రాలు వచ్చునని కొందరు, గూఢచారి అని కొందరు అనుకునేవారు. వైస్రాయి దర్బారు నుంచి సంస్థానాధీశుల దాకా అతని దుకాణానికి రానివాళ్లు లేరు. కిప్లింగ్ రాసిన 'కిమ్' నవలలో లర్గన్ సాహెబ్ పాత్రకు మూలం అతనే. ఈ రాయి వల్ల అతనికి కలిగిన నష్టం గురించి మాత్రం ఆ నవలలో ఒక్క ముక్క లేదు.

ఇంత ఖరీదు పెట్టగలవాడు దేశంలో ఒక్కడే అని జాకబ్ లెక్కవేశాడు. ఆ ఒక్కడూ ఆరో నిజాం, మహబూబ్ అలీ ఖాన్. హైదరాబాద్ జనం ప్రేమగా మహబూబ్ పాషా అని పిలుచుకున్న ప్రభువు. నిజాం ఆంతరంగిక సేవకుడు, అర్మేనియా సంతతికి చెందిన ఆల్బర్ట్ అబిద్ మధ్యవర్తిగా నిలిచాడు. 1891లో బేరం 46 లక్షల రూపాయలకు వచ్చింది. సగం, అంటే 23 లక్షలు ముందుగా కలకత్తా బ్యాంకులో జమ అయ్యాయి. జాకబ్ అందులోంచి తీసి లండన్‌కు సొమ్ము పంపాడు. సముద్రం దాటి వచ్చిన రాయిని తీసుకెళ్లి నిజాం ఎదుట పెట్టాడు.

మహబూబ్ పాషా చూశారు. వద్దన్నారు.

అంత సొమ్ము ఒక రాయికి పోయడమేమిటని బ్రిటిష్ రెసిడెంటు అభ్యంతరం చెప్పడం వల్లనా, నిజంగానే నచ్చకనా అని చరిత్రకారులు ఇప్పటికీ తర్కించుకుంటారు. ఏదైనా ఈ రాయికి జరిగిన అవమానంలో తేడా లేదు. నిజాం డబ్బు వెనక్కి ఇమ్మన్నారు. జాకబ్ దగ్గర అది ఉంటే కదా! వ్యవహారం కలకత్తా హైకోర్టుకెక్కింది. జాకబ్ మీద నమ్మకద్రోహం కేసు పెట్టారు. పత్రికలకు పండగే. పాలక ప్రభువు మామూలు సాక్షిలా కోర్టు మెట్లెక్కడం పరువు తక్కువ కాబట్టి, నిజాం వాంగ్మూలాన్ని హైదరాబాద్‌లోనే కమిషన్ ముందు నమోదు చేశారు. చివరికి జాకబ్ నిర్దోషి అని తేలింది. తేలి ఏం లాభం? రావలసిన బాకీ పూర్తిగా రాలేదు, కొనేవాళ్లు మొహం చాటేశారు, సిమ్లా దుకాణం చితికిపోయింది. 1921లో బొంబాయిలో బీదవాడిగా చనిపోయాడు. ఈ రాయికి అతని పేరే అతుక్కుపోయింది.

వద్దన్న రాయి ఆఖరుకు వద్దన్న ఇంటికే చేరింది. అసలు కష్టం అక్కణ్నుంచి మొదలు.

మహబూబ్ పాషాకు బట్టల మీద ఉన్న మోజు ఊరంతా ఎరుగుదురు. ఒకసారి తొడిగినవి మళ్లీ తొడగరని పేరు. పురానీ హవేలీలో ఆయన బట్టల బీరువాల వరసను ఇవాళ్టికీ జనం నోరు వెళ్లబెట్టి చూస్తారు. అన్ని అరలున్న ఇంట్లో ఈ రాయికి ఒక్క అర దొరకలేదు. తలపాగాలో పెట్టలేదు, హారంలో పొదగలేదు. కోర్టుకీడ్చిన అశుభపు రాయి అని గుడ్డలో చుట్టి, చెప్పు ముందు భాగంలోకి తోసేశారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు, నిలువ నీడ లేనివాళ్ల కోసం ఆ ప్రభువు తన భవనాల తలుపులు తెరిపించారు. ఆయన మనసు అంత పెద్దదని ఈ రాయి ఒప్పుకుంటుంది. తన దాకా వచ్చేసరికి ఆ మనసు ఎటు పోయిందన్నదే దీని బాధ.

1911లో ఆయన కన్నుమూశారు. కొంతకాలానికి కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ చౌమహల్లా ప్యాలెస్‌లో తండ్రి చెప్పులో ఏదో గట్టిగా తగిలితే తీసి చూశారు. ఇక మంచి రోజులొచ్చాయి అనుకుంది ఈ రాయి. ఆయన దీన్ని తన రాతబల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నారు.

ఆ కొలువు గురించి ఒక మాట. ఐదు క్యారెట్లు ఒక గ్రాము. ఆ లెక్కన ఈ రాయి బరువు 37 గ్రాములు, పాత తూకంలో మూడు తులాల పైచిలుకు. గట్టిగా గాలి వీస్తే దస్తావేజుల కట్టను ఆపేంత బరువు కాదది. ఆ పనికి మూసీ ఒడ్డున దొరికే గులకరాయి ఎంతో మేలు. 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోకెల్లా సంపన్నుడని పొగిడిన మనిషి బల్ల మీద ఈ రాయి చేసిన ఉద్యోగం, చేతకాని ఉద్యోగం. ఆయనా తక్కువవాడు కాదు. పాత ఫెజ్ టోపీతోనే కాలక్షేపం చేసే మనిషి రాయికి కొత్త హోదా ఎందుకిస్తారు?

1948లో రాజ్యం భారతదేశంలో కలిసింది. 1951లో, ఆ మరుసటి ఏడూ ఉస్మాన్ అలీ ఖాన్ నగల కోసం ట్రస్టులు ఏర్పాటు చేశారు. రాతబల్ల పోయి బ్యాంకు లాకరు వచ్చింది. 1967లో ఆయన చనిపోయాక వారసులు, ట్రస్టీలు, విదేశీ బేరగాళ్లు, ప్రభుత్వం అందరూ కోర్టుల చుట్టూ తిరిగారు. ఈ రాయికి అది కొత్త కాదు. ఏళ్ల తరబడి చీకట్లో ఉన్నాక, 1995లో భారత ప్రభుత్వం 173 నగలను కలిపి 218 కోట్ల రూపాయలకు కొనేసింది. హారాలు, బాజూబందులు, ఉంగరాలు, సర్పేచ్‌లు. వాటిలో చాలావాటికి ఫలానా మెడ, ఫలానా చెయ్యి అని చెప్పుకునే గతం ఉంది. ఈ రాయికి తెలిసినవి ఒక పాదరక్ష, కొన్ని అర్జీ కాగితాలు.

ఆ తరవాత వెలుగు చూసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2001లోనూ 2006లోనూ హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో, 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో జనం వరసకట్టి చూశారు. నగలన్నీ హైదరాబాద్‌కే తెచ్చి శాశ్వతంగా ప్రదర్శించాలని అక్కడివాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఈ రాయికి అభ్యంతరం లేదు. వచ్చే దారిలో అబిడ్స్ మీదుగా తీసుకొస్తే చాలు. 46 లక్షల బేరంలో మధ్యవర్తిగా తిరిగిన సేవకుడు తరవాత అక్కడ దుకాణం పెట్టుకున్నాడు. బస్సు కండక్టర్లు, ఆటోవాళ్లు, పుస్తకాలు కొనే పిల్లలు రోజూ అతని పేరే పలుకుతున్నారు. తమ నడిరోడ్డుకు ఆ పేరిచ్చిన మనిషి ఒకప్పుడు ఏ రాయికి బేరం కుదిర్చాడో వాళ్లలో ఎవరికైనా తెలుసేమో, దారిలో దిగి అడగాలని దీని కోరిక.