రావులందరూ ఒకే ఇంటివారు!

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. సోవియట్ సాయంతో అక్కడ ఖనిజం కరిగి ఇనుమైంది. కొలువుకొచ్చిన తెలుగువాళ్ల ఇంటిపేర్లు కూడా కరిగి పొడి అక్షరాలయ్యాయి.

తెలుగువాడికి ఇంటిపేరు ముందుంటుంది. హిందీ దరఖాస్తుకేమో అది చివర కావాలి. ఇంకేం, పోతుల అప్పారావు, కొల్లి సుబ్బారావు ఒక్క కలంపోటుతో 'రావు' వంశస్థులైపోయారు!

ఇంటిపేరు దక్కించుకున్నవాళ్లు సుఖపడ్డారా? మనం 'త'కు ఇంగ్లీషులో హెచ్ తగిలిస్తాం. హిందీ గుమాస్తా దాన్ని 'థ' అని చదువుతాడు. పోతుల కాస్తా 'పోథులా'. హిందీ రాతలో హ్రస్వ 'ఒ'కు గుర్తు లేదు కనుక కొల్లి 'కోల్లీ'. చౌదరికైతే ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులో! తండ్రికొకటి, కొడుక్కొకటి, కరెంటు బిల్లుకు వేరొకటి.

2000 నవంబరు 1న భిలాయి మధ్యప్రదేశ్ నుంచి ఛత్తీస్‌గఢ్‌కు మారింది. రాష్ట్రం మారినంత తేలిగ్గా సర్టిఫికెట్లో అక్షరం మారదు.

మూడోతరం మనవడు శ్రీకాకుళం వైపు తాత ఊరు వెతుక్కుంటూ వెళ్లి, "మాది రావుగారి కుటుంబమండీ" అంటే రచ్చబండ మీది పెద్దాయన ఏమంటాడు?

"ఏ రావు నాయనా? ఇక్కడ సగం ఊరు వాళ్లే!"