కెమెరా బంధన శాస్త్రం

శాస్త్రం మొదలుపెట్టే ముందు దానికి అధికారి ఎవరో తేల్చాలని పెద్దల నియమం. వేదాంతానికైతే సాధన చతుష్టయం ఉన్నవాడు అధికారి. ఈ శాస్త్రానికి ఆదివారం పొద్దున ఆరున్నరకు టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడేవాడు, నలభై దాటినవాడు, ఔటైన ప్రతిసారీ ఔట్ కాలేదని మనసా వాచా నమ్మేవాడు, మూడు వేలకు మించి ఖర్చుపెట్టడానికి ఇంట్లో అనుమతి లేనివాడు అధికారి. ఈ నాలుగు లక్షణాలూ గ్రంథకర్తలో పుష్కలంగా ఉన్నాయి. విషయం: చవక యాక్షన్ కెమెరా. ప్రయోజనం: నలుగురికీ చూపించడం. సంబంధం: రబ్బరు పట్టీ.

ప్రథమ సూత్రం: కట్టు ముందు, కెమెరా తరవాత.

దీనిమీద పూర్వపక్షి లేచి, "కెమెరా లేకుండా కట్టేదేమిటయ్యా, నీ తలకాయా?" అంటాడు. తలకాయ సంగతి ముందు ముందు వస్తుంది, తొందర పడొద్దు. గోప్రో కంపెనీని 2002లో పెట్టిన నిక్ వుడ్‌మన్ మొదట చేద్దామనుకున్నది కెమెరా కాదు. అలల మీద పలక వేసుకుని జారేవాళ్ళు కెమెరాను మణికట్టుకు కట్టుకోవడానికి ఒక పట్టీ. పట్టీ కుదిరింది గానీ ఆ అలల దెబ్బలకు తట్టుకునే కెమెరా దొరకలేదు. సరే, కెమెరా కూడా మనమే అమ్ముదామన్నాడు. 2004లో వచ్చిన ఆ మొదటి గోప్రోలో ఉన్నది 35 మిల్లీమీటర్ల ఫిల్ము చుట్ట. వీడియో ఊసే లేదు. అంటే ఈ జాతి కెమెరాలన్నిటికీ తల్లి ఒక తాడు.

ఇంకా వెనక్కి వెళ్తే గురుపరంపరలో ఒక పావురం తగులుతుంది. జర్మనీలో యూలియస్ నాయ్‌బ్రోనర్ అని మందుల షాపు నడిపే ఆయన పావురాల చేత మందులు పంపించేవాడు. ఒకటి దారితప్పి, నాలుగు వారాల తరవాత తాపీగా తిరిగొచ్చింది. ఇన్నాళ్ళూ ఎక్కడ తిరిగిందో తెలుసుకోవాలనిపించి, దాని రొమ్ముకు కట్టే చిన్న కెమెరా చేసి 1907లో పేటెంటుకు పెట్టాడు. 75 గ్రాములు మోసి పావురం ఎగరడం అసంభవమని ఆఫీసువాళ్ళు కొట్టిపారేశారు. ఆయన పావురాలు తీసిన ఫొటోలు పట్టుకెళ్ళి చూపించాడు. 1908లో పేటెంటు వచ్చింది. నేను మా వీధి కిరాణా కొట్టు త్రాసు మీద నా కెమెరాను తూయించాను. ఒట్టి కెమెరా అరవై గ్రాముల పైచిలుకు. పావురం మోసింది. దాన్ని మోసి పరుగెత్తడానికి నేనే ఆయాసపడుతున్నాను.

ఇక పరీక్షాధికరణం. రత్నానికి పరీక్ష ఉంది, గుర్రానికి పరీక్ష ఉంది. చవక కెమెరాకు మాత్రం పెట్టె మీద అంటించిన స్టిక్కర్లే పరీక్ష అనుకుంటారు అజ్ఞానులు. స్టిక్కర్లలో పెద్దది "4కె". లెక్క చూడండి. 4కె అంటే అడ్డం 3840, నిలువు 2160, మొత్తం 83 లక్షల చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అంటే 1920, 1080, సుమారు 21 లక్షలు. సరిగ్గా నాలుగింతలు. గాజుకంటి వెనకున్న సెన్సరు 21 లక్షలే చూసి, మిగతావి లోపలి చిప్పు ఊహించి నింపితే, అది గ్లాసు పాలలో మూడు గ్లాసుల నీళ్ళు పోసి నాలుగు గ్లాసుల పాలనడం. పాలను పట్టుకోవడానికి లాక్టోమీటరు ఉంది. దీనికి నేను కనిపెట్టింది పేపర్లో పెళ్ళిసంబంధాల పేజీ. గోడకు అంటించి, రెండడుగుల దూరం నుంచి రెండు రకాలుగానూ తీసి, కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి పెద్దది చేయాలి. నిజమైన 4కె అయితే వరుడి జీతం కనిపిస్తుంది. నా దానిలో రెండిట్లోనూ వరుడి కులం దాకా వచ్చి ఆగిపోయింది.

తరవాత జలపరీక్ష. ముప్పై మీటర్ల లోతున కూడా నీరు చొరదని డబ్బా మీద రాసుంటుంది. నమ్మి కెమెరాతో సహా ముంచేవాడు శాస్త్రజ్ఞుడు కాడు, భక్తుడు. డబ్బా లోపల కెమెరాకు బదులు ఒక టిష్యూ కాగితం మడిచిపెట్టి, మూత బిగించి, బకెట్లో రాత్రంతా ఉంచాలి. ఖాళీ డబ్బా తేలుతుంది కాబట్టి పైన బరువు కావాలి. నేను రుబ్బురోలు పొత్రం పెట్టాను. పొద్దున్నే మా ఆవిడ బాత్రూములోకి వెళ్ళి, బకెట్లో పొత్రం, పొత్రం కింద ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో తెల్ల కాగితం చూసి, "ఎవరు చెప్పారీ పరిహారం? ఏ గ్రహానికి?" అని అడిగింది. కాగితం పొడిగానే ఉంది. అయితే ఆ డబ్బాలో పెడితే నీరు చొరనట్టే శబ్దమూ చొరదు. ఎంత గట్టిగా అప్పీలు చేసినా దుప్పటి కప్పుకుని అరిచినట్టుంటుంది. మా క్రికెట్‌కు అప్పీలే ప్రాణం. అందుకని వాన లేనప్పుడు డబ్బా మానేసి ఉత్త చట్రంలో పెట్టడం మేలు.

బ్యాటరీ పరీక్షకు ఉపకరణాలేవీ అక్కర్లేదు. నిండా ఛార్జి చేసి, వంటింట్లో పెట్టి, ఆగిపోయేదాకా రికార్డు చేయడమే. నాది గంటా రెండు నిమిషాలు వచ్చింది. మా మ్యాచి గంటన్నర. ఆ చివరి అరగంటలోనే గొడవలన్నీ జరుగుతాయన్నది నా ఇరవయ్యేళ్ళ అనుభవం.

ఇక్కడొక వ్యాకరణ దోషం గమనించాను. ఇలాంటి కెమెరాలు వీడియోను ఒకే ముక్కగా దాచవు. మూడేసి నిమిషాలకో, అయిదేసి నిమిషాలకో తెంపి కొత్త ఫైలు మొదలుపెడతాయి. ఒక ఫైలు చివర, ఇంకో ఫైలు మొదలు. పూర్వపరాలు రెండూ ఉన్నాయి కాబట్టి సంధి జరగాలి. జరగదు. మధ్యలో ఒక క్షణం లోపిస్తుంది. తెలుగు సంధులు నిత్యమనీ వైకల్పికమనీ చదువుకున్నాం గానీ, వికెట్ పడ్డప్పుడు మాత్రమే లోపించే సంధిని ఏ వైయాకరణీ చెప్పలేదు. మెనూలో లూప్ రికార్డింగ్ అని ఉంటుంది, దాన్ని ఆపేస్తే ముక్కలు పొడుగవుతాయి. అప్పుడు కూడా కార్డు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటదు.

ఇప్పుడు అసలైన బంధనాధికరణం.

మొదటిది వక్షోబంధనం, పావురం కట్టు. భుజాల మీదుగా రెండు పట్టీలు, నడుం చుట్టూ ఒకటి, రొమ్ము మధ్య ప్లాస్టిక్ పలక, దానికి కెమెరా. సైకిల్ తొక్కేవాళ్ళకు ఇది శ్రేష్ఠం. ముందుకు వంగుతారు కాబట్టి హ్యాండిలూ చేతులూ రోడ్డూ చక్కగా పడతాయి, తలకు ఉన్నంత అదురు రొమ్ముకు ఉండదు. అయితే ఈ కట్టు కనిపెట్టిన దేశంలో పొట్టల సంగతి ఆలోచించినట్టు లేదు. పావురానికి లేనిదీ నాకు ఉన్నదీ అదే. రొమ్ము నుంచి ఒళ్ళు నిటారుగా కిందికి దిగడానికి బదులు పొట్ట మీదుగా ముందుకు వాలుతుంది. పలక ఆ వాలు మీద వెల్లకిలా పడుకుంటుంది. మొదటి ఆదివారం నలభై నిమిషాలు తీశాను. ఇంటికొచ్చి టీవీకి పెట్టి చూస్తే ఆకాశం. కరెంటు తీగలు, రెండు గద్దలు, అప్పుడప్పుడు నా గడ్డం అడుగుభాగం. మా మేనల్లుడు సాంతం చూసి, "మావయ్యా, ఫోరు కొట్టింది గద్దేనా?" అన్నాడు.

దీనికి చికిత్స కీలులో ఉంది. కెమెరా అడుగున రెండు వేళ్ళు, పలక మీద మూడు వేళ్ళు. ఆ రెండూ ఈ మూడిటి సందుల్లో దూరతాయి. అడ్డంగా ఒక మర బిగిస్తే అయిదూ ఒక్కటై కదలవు. అది అయిదు మిల్లీమీటర్ల మర, తలకాయ పెద్దది, నల్లది, వేళ్ళతోనే తిప్పొచ్చు. ఫొటోగ్రాఫర్ల స్టాండుకు వాడేది వేరు. అది పావు అంగుళం, అంగుళానికి ఇరవై చుట్లు. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. ప్రపంచంలో యాక్షన్ కెమెరా బతుకంతా ఆ నల్ల మర మీద ఆధారపడి ఉంది. పాఠకులు ఈ మరను గుర్తుపెట్టుకోవాలి.

రెండోది శిరోబంధనం. ఇందాక పూర్వపక్షి అడిగిన తలకాయ ఇదే. టోపీ మీద సాగే పట్టీతో కట్టుకోవచ్చు. అతుకు బిళ్ళతో హెల్మెట్‌కు అంటించడం ఇంకో పద్ధతి. బిళ్ళ అంటించేవాళ్ళకు ఒక మాట. ముందు ఆ చోటు నూనె జిడ్డు లేకుండా స్పిరిట్‌తో తుడవాలి, నొక్కి పెట్టాలి, తరవాత ఒక పగలూ రాత్రీ ముట్టుకోకూడదు. జిగురు పట్టు పూర్తిగా రావడానికి అంత వ్యవధి కావాలి. ఆదివారం ఆరున్నర మ్యాచికి శనివారం ఆరున్నరకే అంటించాలి. మనవాళ్ళు ఆరూ ఇరవైకి గ్రౌండులో అంటిస్తారు.

శిరోబంధనానికి ఉన్న మహాదోషం పట్టు తప్పడం కాదు, సత్యం చెప్పడం. తల ఎటు తిరిగితే కెమెరా అటు చూస్తుంది. బౌండరీ దగ్గర ఫీల్డింగు చేస్తూ నేను బంతినే చూస్తున్నానని ఇరవయ్యేళ్ళుగా నమ్ముతున్నాను. కెమెరా లెక్క ప్రకారం పన్నెండు నిమిషాల్లో దాదాపు ఏడు నిమిషాలు గేటు పక్క ఇడ్లీ బండిని చూశాను. అందులో రెండు నిమిషాలు ప్రత్యేకించి చట్నీ గిన్నెని. నా చేతి పక్కనుంచి బంతి వెళ్ళిపోయిన శబ్దం, "ఏం మావయ్యా!" అన్న కేక వినిపిస్తాయి. బొమ్మలో మాత్రం మూత తీసిన ఇడ్లీ పాత్ర, ఆవిరి. ఆత్మజ్ఞానం కోరేవాళ్ళు తప్ప ఇతరులు ఈ కట్టు జోలికి పోకూడదు.

మూడోది స్తంభబంధనం. మనిషికి కాకుండా కర్రకు కట్టడం. ఆటగాడిలా కాక సాక్షిలా ఉంటుంది గనక ఇదే ఉత్తమమని సిద్ధాంతం. ఎక్కడ పాతాలన్నదే ప్రశ్న. బౌలర్ వెనక పెట్టామనుకోండి. కంటి వెడల్పు 170 డిగ్రీలని స్టిక్కరు. అది మూలనుంచి మూలకు కొలత, అడ్డంగా కొలిస్తే 140 అనుకుందాం. 1920 చుక్కలు 140 డిగ్రీలకు పంచితే డిగ్రీకి పద్నాలుగు. పిచ్ పొడవు 20 మీటర్లు. టెన్నిస్ బంతి అడ్డుకొలత 6.7 సెంటీమీటర్లు. అంత దూరంలో అది డిగ్రీలో అయిదో వంతు కూడా ఉండదు. అంటే బ్యాటు దగ్గర బంతికి దక్కేది మూడు చుక్కల లోపు. పొద్దున్నే వెలుతురు తక్కువైతే అవీ సాగి గీతలవుతాయి. బంతి కనబడకపోవడం వల్ల బంతి లేదని తెలుసుకోవడాన్ని మీమాంసకులు అనుపలబ్ధి ప్రమాణం అన్నారు. మా బ్యాట్స్‌మన్లందరూ పుట్టు మీమాంసకులు.

అందుకని క్రీజుకు సమంగా, పక్కన వేపచెట్టు కింద కర్ర పాతాం. రనౌట్లు తేలాలంటే అదే చోటు. తేలాయా? నేను పరుగెత్తే వేగం సెకనుకు అయిదు మీటర్లు. ఇది నాపట్ల నాకున్న అభిమానం కొద్దీ వేసిన లెక్క. సెకనుకు ముప్పై బొమ్మలు తీస్తే ఒక బొమ్మకూ ఇంకో బొమ్మకూ మధ్య నేను 17 సెంటీమీటర్లు వెళ్తాను, జానెడుకు కాస్త తక్కువ. అరవై బొమ్మలైతే బెత్తెడు. నాకు రనౌట్ ఇచ్చిన రోజున స్టిక్కరు మీద మోజుకొద్దీ 4కె పెట్టాను, దానిలో ముప్పై కంటే రావు. నీళ్ళ పాల కోసం ఇచ్చుకున్నది ఒక బెత్తెడు.

ఆ రోజు ఇరవై ఏడో నిమిషాన ఒక బొమ్మలో వికెట్లు నిటారుగా ఉన్నాయి, నా బ్యాటు గీతకు బెత్తెడు ఇవతల ఉంది. తరవాతి బొమ్మలో బ్యాటు గీత దాటింది, వికెట్లు పడ్డాయి. మధ్యలో ఏది ముందు జరిగిందో ప్రత్యక్షానికి అందదు. కాలిఫోర్నియాలో 1878లో మైబ్రిడ్జ్, పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఒకేసారి గాలిలో ఉంటాయా అన్న తగువు తీర్చడానికి వరసగా పన్నెండు కెమెరాలు పెట్టి, గుర్రమే దారాలు తెంచుకుంటూ పోయేలా ఏర్పాటు చేశాడు. ఉంటాయని తేలింది. ఆయన గుర్రం వెనక ఒక కోటీశ్వరుడున్నాడు. నా వెనక మా మేనల్లుడున్నాడు.

అంపైరు మా కాలనీ రిటైర్డ్ హెడ్మాస్టారు. ఫోనులో ఆ రెండు బొమ్మలూ నాలుగుసార్లు చూపించాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని బొమ్మ మూలనున్న అంకెలు చదివారు. బ్యాటరీ తీసి పెట్టినప్పుడల్లా నా కెమెరా తారీఖు మరిచిపోయి 2015 జనవరి ఒకటికి వెళ్ళిపోతుంది.

"ఇది 2015 నాటిది. ఆ రోజు నువ్వు నాటౌట్, ఒప్పుకుంటాను. ఇవాళ ఔట్. నడు," అన్నారు మాస్టారు.

శబ్దప్రమాణం ప్రత్యక్షం కంటే బలమైనదన్న వాదానికి ఇంతకు మించిన దృష్టాంతం నాకు దొరకలేదు.

ఆ కోపంలో కెమెరాను కర్ర నుంచి విప్పుతుంటే నల్ల మర చేతిలోంచి జారి గడ్డిలో పడింది. ఆరుగురం వెతికాం. ప్రస్తుతం సైకిల్ షాపు బోల్టూ నట్టూ పెట్టి నడిపిస్తున్నాం గానీ, కోణం మార్చాలంటే ప్రతిసారీ రెంచి కావాలి. బెజవాడ పటమటలో మా కాలనీ చివర ఖాళీ జాగాలో, వేపచెట్టుకు తూర్పున, అయిదు మిల్లీమీటర్ల నల్ల మర ఎవరికైనా దొరికితే దయచేసి తెచ్చివ్వండి. ఆదివారం ఆరున్నరకు అక్కడే ఉంటాం. ఇడ్లీలు నావి.