ఆన్‌లైన్‌లో పచ్చళ్లమ్మి చేతులు కాల్చుకోవడం ఎలా?

ఆవకాయ బాగా కుదిరింది. చుట్టాలంతా లొట్టలేసుకుంటూ తిని, ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు. పొరపాటున లాభం వచ్చే ప్రమాదముంది కనుక ఈ జాగ్రత్తలు తీసుకోండి.

1. క్యాలిక్యులేటర్ ముట్టుకోకండి. ఒక సైటు అమ్మకంలో 15 శాతం అడుగుతుంది, ఇంకొకటి ధరెంతైనా సీసాకి 30 రూపాయలు చాలంటుంది అనుకోండి. 200లో 15 శాతమంటే 30. కాబట్టి 200 లోపు సీసాకి శాతం, ఆపైన ఫ్లాట్ ఫీజు మేలని ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి. 120 రూపాయల చిన్న సీసాని ఫ్లాట్ ఫీజులో పెట్టండి, 18 పోయేచోట 30 పోతాయి. 600 రూపాయల కిలో సీసాని శాతంలో పెట్టండి, 30 పోయేచోట 90 పోతాయి.

2. నెలచందా కనబడగానే కట్టేయండి. చందా 1,500 అయి, గిరాకీ లేని నెలలో రెండే సీసాలు కదిలితే సీసాకి 750 పడుతుంది. అమ్మకం లేకపోతే శాతం కమిషన్ పైసా అడగదు. అంత పిరికి పద్ధతి మనకెందుకు?

3. ‘జీరో కమిషన్’ అన్నచోట కింది లైను చదవకండి. 2025 ఏప్రిల్‌లో అమెజాన్ ఇండియా 300 రూపాయల లోపు వస్తువులకు 135 విభాగాల్లో రెఫరల్ ఫీజు, అంటే కమిషన్, ఎత్తేసింది. క్లోజింగ్ ఫీజు, రవాణా ఛార్జీ వేరే పద్దులు. వాటిని బిల్లు వచ్చాక చూసి ఆశ్చర్యపోవచ్చు.

4. కమిషన్‌ని కొనేవాళ్ల నెత్తిన వేయండి, అదీ తప్పుగా. 600 సీసాకి 90 కలిపి 690 పెట్టండి. 690లో 15 శాతం, అంటే 103.50 పోయి, చేతికి 586.50 వస్తుంది. పూర్తి 600 రావాలంటే 706 పెట్టాలన్న సంగతి పక్కింటి అకౌంటెంటుకే వదిలేయండి. కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందనీ, రిజిస్ట్రేషన్ లేనివాళ్లకి అది వెనక్కి రాదనీ ఆయన గొణిగితే కాఫీ ఇచ్చి పంపేయండి.

5. ఇంట్లో ఉన్న పెద్ద అట్టపెట్టె వాడండి. మూతకి టేపు చుట్టి, నూనె కారకుండా రెండు కవర్లలో బిగించి, మిగిలిన ఖాళీని పాత పేపర్లతో కూరండి. చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. అసలు బరువుకన్నా ఆ అంకె పెద్దదైతే దానికే డబ్బు. పెట్టె 30, 25, 20 ఉంటే అరకిలో పచ్చడికి మూడు కిలోల ఛార్జీ కట్టే యోగం దక్కుతుంది.

6. మొత్తం అమ్మకం అంకెను స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. అందులో చేతికొచ్చిందెంతని అడిగే బావగారిని మ్యూట్ చేయండి.

ఇవన్నీ పాటించినా నాలుగు రాళ్లు మిగిలాయంటే తప్పు మీదే. ఎక్కడో దొంగచాటుగా సెటిల్‌మెంట్ షీటు తెరిచి, సీసా సీసాకీ ఎంత మిగిలిందో చూసుంటారు.